పేరు తెలియని కలక

నంద్యాల దాటి గాజులపల్లి వచ్చేసరికి ఫోన్లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. అక్కడి నుంచి దిగువమెట్ట దాకా నల్లమల అడవి. బొగడ సొరంగంలోకి రైలు దూరితే పగలే చీకటి. రీల్స్ ఆగిపోతాయి, పాటలు ఆగిపోతాయి. బోగీలో అందరూ వేరే దారి లేక ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. బెంగళూరు నుంచి ఇంటికొచ్చే దారిలో నాకు బాగా నచ్చే ముక్క ఇదే.

2023లో, పంద్రాగస్టు ముందు శనివారం, ఆ బోగీలో ఎవరూ ఎవరి మొహమూ చూడట్లేదు. కిటికీ దగ్గర పెద్దాయనకి నల్లద్దాలు. ఎదురు సీట్లో పాపని ఒళ్ళో పెట్టుకున్నావిడకి నల్లద్దాలు. పాపకి కూడా, ముక్కు మీద నిలవక జారిపోతున్న గులాబీ రంగువి. టీ అమ్మే అతను అద్దాలు పైకెత్తి చిల్లర లెక్కపెడుతున్నాడు, ఆ కళ్ళు మిరపకాయల్లా ఉన్నాయి. కండ్లకలక సీజన్. హైదరాబాద్ సరోజినీదేవి కంటాసుపత్రి ముందు క్యూలు టీవీల్లో చూసే ఉంటారు. హాస్టళ్ళ నుంచి పిల్లల్ని ఇళ్ళకి పంపించేస్తున్నారని మా ఫ్యామిలీ గ్రూపులో రోజుకో మెసేజ్.

సోమవారం ఒక్కరోజు సెలవు పెడితే నాలుగు రోజులు కలిసొచ్చాయి. గిద్దలూరులో అమ్మానాన్న, కంభంలో మేనత్త, మార్కాపురంలో చిన్నాన్న. మూడు ఊళ్ళూ తిరిగా. మూడు చోట్లా ఒకటే ప్రశ్న అడిగా: "ఇంతకీ ఇది ఏ వైరస్?" వృత్తిరోగం అనుకోండి. బగ్ ఉంది అంటే అది ఏ ఫైల్లో ఉంది, ఎప్పుడు దూరింది అని అడక్కుండా ఉండలేను. "ఏదో వైరస్ అంట" అనే సమాధానం నాకు "సిస్టంలో ఏదో ప్రాబ్లం" అన్నట్టే వినిపిస్తుంది.

ముందు మాట గురించి ఒక మాట. గుండ్లకమ్మకి కొత్త నీళ్ళొస్తే మా వైపు "కలక నీళ్ళు" అంటారు. మట్టి కలిసి, అడుగు కనపడకుండా ఉండే నీళ్ళు. కంట్లో కూడా అదే. తేటగా ఉండాల్సింది కలగబారితే కలక. పక్కనే ఉన్న తమిళనాడులో దీన్ని "మద్రాస్ ఐ" అంటారు. బెంగాల్లో 1971లో "జై బంగ్లా" అన్నారు. పశ్చిమాఫ్రికాలో "అపోలో". వాళ్ళంతా రోగానికి ఊరి పేరో, కాలం పేరో పెట్టారు. మన వాళ్ళు కంట్లో ఏం కనపడుతుందో అదే చెప్పి ఊరుకున్నారు. నిజాయితీ గల పేరే. కానీ దుమ్ము పడ్డా కలకే, అలర్జీ అయినా కలకే, బ్యాక్టీరియా అయినా కలకే, వైరస్ అయినా కలకే. చిక్కు అక్కడే ఉంది.

గిద్దలూరు స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే డ్రైవర్ మొదటి మాట: "కండ్లు బాగున్నాయా సార్?" నమస్కారం స్థానంలో ఆ పలకరింపు వచ్చేసింది. ఇంట్లో అమ్మ కాళ్ళు కడుక్కోమనకముందే చేతులు కడుక్కోమంది. నాన్న మాత్రం వరండాలో పేపర్ చదువుతూ ధీమాగా ఉన్నాడు. "మాకు ఎనభై ఒకటిలోనే వచ్చి పోయింది. బడంతా ఎర్ర కండ్లే. ఇప్పటోళ్ళు ఊరికే భయపడతారు."

నాన్న జ్ఞాపకం తప్పేమీ కాదు. 1981లో దేశమంతా కలక చుట్టేసింది. అయితే నాన్నకి తెలియని సంగతి ఒకటుంది. 1981 నాటిది మామూలు కలక కాదు. దాని వెనక ఉన్నది ఎంటరోవైరస్ 70. పోలియో వైరస్‌కి దగ్గరి చుట్టం. అదే వైరస్ అంతకు పదేళ్ళ ముందు, 1971లో బొంబాయికి వచ్చినప్పుడు, కళ్ళు తగ్గిపోయిన కొందరు కొన్ని వారాల తర్వాత కాళ్ళు పడిపోయి ఆసుపత్రికి వచ్చారు. పోలియో వచ్చే వయసు కాదు వాళ్ళది, పెద్దవాళ్ళు. బొంబాయి న్యూరాలజిస్టు ఎన్.హెచ్. వాడియా, ఆయన సహచరులు ఈ కేసుల్ని లాన్సెట్ పత్రికలో రాసేదాకా కంటి జబ్బుకీ కాలికీ ముడి ఉందని డాక్టర్లకీ తెలియదు. లక్షల్లో ఏ కొద్దిమందికో జరిగేది, నిజమే. కానీ కంట్లోకి చూసి "ఇది ఆ రకం, ఇది ఈ రకం" అని ఎవరూ చెప్పలేరు. రెండూ ఎరుపే.

ఇది చెప్తే నాన్న పేపర్ మడిచి, తన కాళ్ళ వైపు ఓసారి చూసుకుని, "మరి ఇప్పుడు తిరిగేది ఏది?" అన్నాడు. నా ప్రశ్నే తిరిగి నాకొచ్చింది.

ఆదివారం బస్సులో కంభం. కంభం వెళ్ళి చెరువు చూడకుండా రావడం నా వల్ల కాదు. రెండు కొండల మధ్య సందుని ఒక కట్టతో మూసేసి గుండ్లకమ్మని నిలబెట్టారు, విజయనగర కాలంలో. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్తారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. కట్ట మీద నిలబడితే గాలి గట్టిగా కొడుతుంది. కలక ఉన్నవాళ్ళు అక్కడికి వెళ్ళకండి, కళ్ళు మండిపోతాయి. ఆ రోజు నలుగురైదుగురు కుర్రాళ్ళు నల్లద్దాలతో సెల్ఫీలు దిగుతున్నారు. స్టైల్ కోసమో, కలక కోసమో అడగలేదు.

అత్త ఇంట్లో మనవడు ఎనిమిదో తరగతి. హాస్టల్ నుంచి శుక్రవారం పంపించేశారు. చీకటి గదిలో కూర్చున్నాడు, కళ్ళ మీద నందివర్ధనం పూలు. అత్త వైద్యం. చల్లగా ఉంటాయి కాబట్టి హాయిగానే ఉంటుంది, దాని మీద నాకు పేచీ లేదు. కానీ ఆ పూలు పెట్టిన చేత్తోనే అత్త నాకు గ్లాసు అందించబోయింది.

"అత్తా, చెయ్యి కడుక్కో."

"నా చేతికేముంది నాయనా, అది చూస్తే వస్తాది. నువ్వు వాడి కండ్లలోకి చూడమాక."

ఇది మన రాష్ట్రమంతా ఉన్న నమ్మకం, బహుశా దేశమంతా. చూపుతో వైరస్ రాదు. కన్ను నలుపుకున్న చెయ్యి తలుపు గడియకి, టవలుకి, ఫోన్‌కి తగులుతుంది. అక్కడ మన చెయ్యి పడుతుంది. ఆ చెయ్యి మన కంటికి వెళ్తుంది. నల్లద్దాలు ఎండకి కళ్ళు జివ్వుమనకుండా కాపాడతాయి, ఎదుటివాళ్ళని కాదు. మహా అయితే కన్ను ఊరికే నలుపుకోకుండా అడ్డం పడతాయి.

పిల్లాడి దగ్గర కూర్చుని వాడి హాస్టల్ కథ విన్నా. బుధవారం ఒకడికి వచ్చింది. గురువారం సాయంత్రానికి ఆ గదిలో ఆరుగురికి. శుక్రవారం పొద్దునకి వరసంతా. వాడికి రెండు కళ్ళూ దాదాపు ఒకేసారి ఎర్రబడ్డాయి, తెల్లగుడ్డులో నెత్తుటి మచ్చలు. నాకు ఆ వేగం ఆసక్తిగా అనిపించింది. ఎందుకంటే కలక తెచ్చే వైరస్‌ల్లో ముఖ్యమైనవి రెండు రకాలు, రెండింటి గడియారాలు వేరు.

అడినోవైరస్ నిదానస్తుడు. సోకాక అయిదు నుంచి పన్నెండు రోజులకి గానీ బయటపడదు. తగ్గడానికి రెండు మూడు వారాలు. చెవి ముందు చిన్న గడ్డలా తగలొచ్చు. కొన్ని రకాలు నల్లగుడ్డు మీద చుక్కలు మిగిల్చి నెలల తరబడి చూపు మసకబారుస్తాయి. రెండోది ఎంటరోవైరస్ జట్టు, అంటే 70, ఇంకా కాక్సాకీవైరస్ ఏ24 వేరియంట్. ఇవి సోకిన ఒకటి రెండు రోజుల్లోనే దాడి. నెత్తుటి మచ్చలు ఎక్కువ. వారంలో సర్దుకుంటుంది. హాస్టల్లో బుధవారం నుంచి శుక్రవారానికి వరసంతా పడిపోయిందంటే రెండో జట్టే అనిపిస్తుంది. అయితే ఇది ఊహ. లాగ్స్ చూడకుండా బగ్ కనిపెట్టడం లాంటిది. కొన్నిసార్లు కరెక్టవుతుంది, అంతే.

పిల్లాడి ధ్యాస వేరే చోట ఉంది. చంద్రయాన్-3 అప్పటికి చంద్రుడి చుట్టూ తిరుగుతోంది, 23న దిగాలి. "అప్పటికి నాకు తగ్గుతుందా మామా? లైవ్ చూడాలి" అన్నాడు. వాడికి అపోలో కథ చెప్పా. 1969లో ఘనా దేశంలో, అక్రా నగరం చుట్టుపక్కల, ఒక కొత్త రకం కలక విరుచుకుపడింది. అంతకుముందు ఎవరూ చూడనిది, కంట్లో నెత్తురు చిమ్మేది. సరిగ్గా అదే రోజుల్లో అపోలో 11 చంద్రుడి మీద దిగింది. చంద్రుడి నుంచి ఏదో దుమ్ము తెచ్చారని జనం అనుకున్నారు. పేరు "అపోలో" అయింది, అక్కడ ఇప్పటికీ అదే పేరు. తర్వాత దాని నుంచి పట్టుకున్నదే ఎంటరోవైరస్ 70. మరుసటి ఏడాది 1970లో సింగపూర్‌లో ఇంకో కలక వచ్చింది. చూడ్డానికి అచ్చం అదే, తీరా ల్యాబ్‌లో చూస్తే కాక్సాకీవైరస్ ఏ24 వేరియంట్. కవల పిల్లల్లాంటి రోగాలు, తల్లులు వేరు.

"అయితే మనది చంద్రయాన్ కలక" అన్నాడు వాడు పూల కింద నుంచే. (23న లైవ్ చూశాడు. కళ్ళు అంతకు ముందే తేటబడ్డాయి.)

కాక్సాకీ కూడా ఊరి పేరే తెలుసా? న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున చిన్న ఊరు. 1948లో గిల్బర్ట్ డాల్డార్ఫ్ అనే శాస్త్రవేత్త అక్కడి పిల్లల మలంలో ఒక కొత్త వైరస్ కుటుంబం కనిపెట్టి ఊరి పేరు పెట్టేశాడు. పాపం ఆ ఊరి మున్సిపాలిటీని ఎవరూ అడిగినట్టు లేదు. ఈ జట్టు అసలు పేగుల్లో బతికేది. అందులో ఏ24 అనే ఒకటి కంటి పొర మీద ఉండే ఒక రకం చక్కెరకి గట్టిగా అతుక్కోవడం నేర్చుకుని మకాం మార్చింది. అదే మనల్ని ఏడిపించే వేరియంట్.

సోమవారం మార్కాపురం. పలకల ఊరు. అ ఆలు దిద్దిన నల్ల పలక మీ ఇంట్లో ఎక్కడో అటక మీద ఉంటే, అది ఇక్కడి రాయే అయ్యుండటానికి మంచి అవకాశం ఉంది. ఇప్పుడు పలకల గిరాకీ పడిపోయి, అదే రాయిని గోడలకీ నేలకీ టైల్స్‌గా కోసి అమ్ముతున్నారు. చిన్నాన్న అలాంటి యూనిట్‌లోనే పనిచేస్తాడు. చెన్నకేశవస్వామి గుడి దాటి ఆ వైపు వెళ్తే గాల్లో సన్నటి బూడిద రంగు పొడి. చెట్ల ఆకుల మీద, స్కూటీ సీట్ల మీద, కనురెప్పల మీద.

ఈ ఊళ్ళో ఎర్ర కన్ను వార్త కాదు. రాయి కోసేవాళ్ళకి ఏడాదంతా కళ్ళు ఎర్రగానే ఉంటాయి. చిన్నాన్నకి వారం నుంచి ఒక కన్ను ఎర్రగా ఉంది. కలకేమోనని సెలవు పెడితే రోజు కూలి పోతుంది. దుమ్మేమోనని పనికెళ్తే, ఒకవేళ అది కలకే అయితే పక్కనున్న పదిమందికి అంటిస్తాడు. ఏం చేశాడు? మందుల షాపుకెళ్ళి "కండ్లకి చుక్కలు" అడిగాడు. సీసా తీసి నాకు చూపించాడు. యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిపిన చుక్కలు. ఏ షాపన్నది అనవసరం, ఇలా ఇచ్చేవాళ్ళు అన్ని ఊళ్ళలోనూ ఉన్నారు.

ఆ సీసా గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లో ఫ్రిజ్ తలుపులో కూడా ఒకటి ఉండొచ్చు. యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చెయ్యదు. స్టెరాయిడ్ ఎరుపుని ఒక్కరోజులో తగ్గిస్తుంది, అందుకే జనానికి ఇష్టం. కానీ అది తగ్గించేది మంటని, వైరస్‌ని కాదు. నిజానికి శరీరం వైరస్‌తో చేసే పోరాటాన్నే ఆపుతుంది. పైగా ఆ ఒక్క కన్ను ఎరుపు హెర్పిస్ వైరస్ వల్ల వచ్చినదైతే, స్టెరాయిడ్ చుక్కలతో నల్లగుడ్డు మీద పుండు పెరిగి చూపే పోవచ్చు. హెర్పిస్ సాధారణంగా ఒక కంటికే వస్తుంది. చిన్నాన్నకి ఎర్రబడింది ఒక కన్నే. ఆ మాట అనగానే ఆయనే చొక్కా వేసుకుని బయల్దేరాడు.

మార్కాపురంలో ఒక చిన్న కంటి క్లినిక్. బయట బెంచీల మీద నలభై మంది. డాక్టర్ గారు స్లిట్ ల్యాంప్ మీద వంచి, పసుపు రంగు వేసి, నీలం లైట్‌లో చూశారు. పుండు లేదు. రాతి పొడి రేణువు ఒకటి పై రెప్ప కింద ఇరుక్కుని ఉంది. తీసేశారు. కలకే కాదు! స్టెరాయిడ్ సీసాని మాత్రం చెత్తబుట్టలో వేయించారు.

సందు చూసి నా ప్రశ్న అడిగా.

"ఏ వైరస్ అయితే నీకెందుకయ్యా?" అన్నారు నవ్వుతూనే. "పేరు తెలిస్తే మందు మారుద్దా? మారదు. చల్లటి గుడ్డ, కన్నీటి చుక్కలు, వారం రెస్టు. అడినో అయినా ఇదే, నీ కాక్సాకీ అయినా ఇదే. బయట నలభై మంది ఉన్నారు చూడు."

ఆయన మాటలో తప్పేం లేదు. ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి పేరు అక్కర్లేదు. ఒక్కొక్కరికీ టెస్టు అంటే దుబారా కూడా. అయితే ఊరికి పేరు కావాలి, నాకు అర్థమైనంతలో. హాస్టల్ పిల్లల్ని ఎన్నాళ్ళు ఇంట్లో ఉంచాలి? వారమా, మూడు వారాలా? తగ్గాక కూడా చూపు మసగ్గా ఉందని ఎవరైనా వస్తే ఎదురుచూడాలా, ఒంగోలు పంపాలా? కాళ్ళలో బలం తగ్గిందని ఎవరైనా వస్తే దాన్ని నెల కిందటి కలకతో కలిపి చూడాలా? ఈ మూడింటికీ జవాబు వైరస్ పేరులోనే ఉంది. దానికి నలభై స్వాబ్‌లు అక్కర్లేదు. ఒక ఊరికి పది చాలు.

పేరు కనిపెట్టడం ఎలా ఉంటుందంటే, కింది రెప్పని కిందికి లాగి, లోపలి పొర మీద సన్నటి స్వాబ్‌ని మెల్లగా తిప్పుతారు. గులాబీ రంగు ద్రవం ఉన్న ట్యూబులో ముంచి, పుల్ల విరిచి, మూత బిగిస్తారు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ల్యాబ్‌కి చేరాలి. కోవిడ్‌లో ముక్కుకి చేసింది ఇక్కడ కంటికి, అంతే తేడా.

పాత రోజుల్లో ల్యాబ్‌లో పెంచిన కణాల మీద ఆ ద్రవాన్ని పోసి రోజుల తరబడి చూసేవాళ్ళు. కణాలు గుండ్రంగా ముడుచుకుని చస్తే వైరస్ ఉన్నట్టు. అప్పుడు రకరకాల సీరంలు ఒక్కొక్కటే కలిపి, ఏది కలిపితే కణాలు బతుకుతున్నాయో చూసేవాళ్ళు. తాళం చెవుల గుత్తిలో ఒక్కోటీ పెట్టి తిప్పినట్టు. మద్రాసు కథ ఇంకా పాతది. ఎగ్మూరు కంటాసుపత్రిలో పనిచేసిన కర్క్‌పాట్రిక్ అనే డాక్టర్ నల్లగుడ్డు మీద చుక్కలు మిగిల్చే అంటువ్యాధి గురించి 1920లో రాశాడు. అప్పట్లో చూడ్డమే, పట్టుకునే సాధనం లేదు. అడినోవైరస్ దొరికింది 1953లో. అది ఆంధ్ర రాష్ట్రం పుట్టిన సంవత్సరం. అప్పటికి మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉన్నాయి, ప్రకాశం జిల్లా వచ్చింది 1970లో. అంటే రాజధాని కర్నూలు మా జిల్లా కేంద్రమే. అయినా మా కలక పేరు మాకు తెలియదు, అది వేరే సంగతి.

ఇప్పుడు పీసీఆర్. ఎంటరోవైరస్‌లన్నిటిలోనూ మారకుండా ఉండే ఒక ముక్కని ముందు వెతుకుతారు. ఉంటే కుటుంబం తెలిసింది. తర్వాత వీపీ1 అనే జన్యువు, సుమారు 900 అక్షరాలు, చదివి జన్‌బ్యాంక్‌లో ఉన్న వాటితో పోలుస్తారు. స్ట్రింగ్ మ్యాచింగే, మన ఇంటర్వ్యూల్లో అడిగే ప్రశ్న. ఇక్కడ పీసీఆర్‌కి ఒక లోపం ఉంది. నువ్వు అడిగినదాన్నే వెతుకుతుంది. అడినో ఉందా అని అడిగితే ఉంది, లేదు, అంతే. అసలు ట్యూబులో ఏమేం ఉన్నాయో చెప్పదు. అందుకని ఉన్న జన్యుపదార్థమంతా చదివేసే మెటాజీనోమిక్స్ వచ్చింది. మదురై అరవింద్ ఆసుపత్రిలో కలక రోగుల స్వాబ్‌లని శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రాక్టర్ ఫౌండేషన్ వాళ్ళతో కలిసి ఇలా చదివారు. ఎక్కువగా అడినోనే. కానీ మధ్యలో విట్టాఫార్మా అనేది కూడా తగిలింది, అది వైరస్ కూడా కాదు, ఫంగస్‌ల వైపు చుట్టం. కలక సీజన్ కదా అని అందరినీ ఒకే గాటన కట్టేస్తే అలాంటివి తప్పించుకుపోతాయి, మా చిన్నాన్న రాతి రేణువులాగే.

2023 సీజన్‌కి పేరు దొరికింది. పుణే ఎన్‌ఐవీలోనూ, హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనూ తేలింది కాక్సాకీవైరస్ ఏ24 వేరియంట్. అంటే కంభం హాస్టల్ గడియారం, ఆ పేరు సరిపోయాయి. అదే సెప్టెంబర్ చివర్లో పాకిస్తాన్ పంజాబ్‌లో కలక వల్ల 56,000కి పైగా బడులు కొన్ని రోజులు మూశారు. కానీ నా ఆ నాలుగు రోజుల్లో, మూడు ఊళ్ళలో, నాకు ఎదురైన ఎర్ర కళ్ళలో ఒక్కదాని స్వాబ్ కూడా ఏ ట్యూబులోకీ వెళ్ళడం నేను చూడలేదు. పేరు పుణేలో దొరుకుతుంది, హైదరాబాద్‌లో దొరుకుతుంది. మేము దాన్ని అరువు తెచ్చుకుంటాం. హైదరాబాద్‌లో అది అయితే ఇక్కడా అదే అయ్యుంటుందిలే, అని. చాలాసార్లు అంతే అవుతుంది కూడా. 1970లో సింగపూర్‌లో అలా అనుకుని ఉంటే ఏ24 వేరియంట్ దొరికేది కాదు.

ఇంకొకటి, చేతులు కడుక్కోవడం. కోవిడ్ నుంచి అందరి బ్యాగులో శానిటైజర్ ఉంది. కరోనా వైరస్‌కి కొవ్వు పొర ఉంటుంది, ఆల్కహాల్ దాన్ని చీలుస్తుంది. అడినోకీ, కాక్సాకీకీ ఆ పొర లేదు. కాబట్టి శానిటైజర్ వీటి మీద అంత గట్టిగా పనిచెయ్యదు. అడినో అయితే తలుపు గడియ మీద వారాల తరబడి బతికుంటుంది. సబ్బు, పారే నీళ్ళు, రుద్ది కడగడమే దారి. పారే నీళ్ళు! ఈ సలహా రాసేవాళ్ళు ఎండాకాలం మార్కాపురం వచ్చి ట్యాంకర్ కోసం బిందెల వరసలో నిలబడాలి. బోర్లు వందల అడుగులు దిగినా ఎండిపోతాయి, వచ్చినచోట ఫ్లోరైడ్. నల్లమల కింద ఒక్కోటి 18 కిలోమీటర్లకి పైగా పొడవున్న రెండు సొరంగాలతో కృష్ణా నీళ్ళు తెస్తామన్న వెలిగొండ కోసం నా వయసు వాళ్ళంతా బడిలో ఉన్నప్పటి నుంచి వింటున్నాం. పైగా ఆ ఆగస్టు, వాతావరణ శాఖ లెక్కల్లో 1901 తర్వాత దేశంలో అంత తక్కువ వాన పడిన ఆగస్టు ఇంకోటి లేదు. అత్త చెయ్యి కడుక్కోకపోవడానికి నమ్మకం ఒక్కటే కారణం కాదు, తొట్టిలో నీళ్ళు కూడా. గ్లాసు చాలా, చెంబు కావాలా అని లెక్కేసుకునే ఇల్లు అది.

స్వాబ్‌కి దారి లేదంటే మాత్రం నేను ఒప్పుకోను. 2020లో ఇదే రాష్ట్రంలో ఆర్టీసీ ఇంద్ర బస్సుల్ని మార్చి "సంజీవని" పేరుతో ఊరూరా శాంపిల్స్ తీశారు. పల్లె నుంచి ట్యూబు ఐసు పెట్టెలో ఎక్కి ల్యాబ్‌కి వెళ్ళింది, ఫలితం ఫోన్‌కి మెసేజ్‌గా వచ్చింది. తిరుపతి స్విమ్స్‌లో వైరాలజీ ల్యాబ్ ఉంది. పీసీఆర్ మెషీన్‌కి అది ముక్కు స్వాబో కంటి స్వాబో తేడా తెలియదు, మార్చాల్సింది లోపల వేసే ప్రైమర్ ఒక్కటే. అంత పెద్ద పైప్‌లైన్ కట్టి, ఒక్క ఇన్‌పుట్‌కే వాడి, తర్వాత ఆఫ్ చేసేసినట్టుంది నా కంటికి.

చిన్నాన్నకి కట్టు కట్టాక, బిల్లు కడుతూ, డాక్టర్ గారిని మళ్ళీ కదిపా. వచ్చే సీజన్‌కి ఎవరైనా పది ట్యూబులు ఇస్తే స్వాబ్ తీస్తారా అని.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తీయడానికేముంది, మనిషికి రెండు నిమిషాలు. వ్యాక్సిన్ పెట్టే ఐసు పెట్టె కూడా దొరుకుద్ది. బస్టాండు ఇక్కడే. తీసింది ఎవరికి పంపాలో, నాకు ఎవరు ఫోన్ చేసి చెప్తారో, అది కనుక్కుని చెప్పు." తర్వాతి పేషెంట్‌ని పిలిచారు.